ఒక సూత్ ఎక్కువ

హైదరాబాద్,
14-2-1991

ఐలన్న బాబాయ్‌కి,

నేను సూర్యారావు గారి కనకమహాలక్ష్మిని. ప్లాంటు క్వార్టర్లలో మీరు కనకం అని పిలిచే పిల్లను. నాన్న పోయినప్పుడు మీరు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మూడు రోజులు గేటు దగ్గర కూర్చుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండేళ్ళలో నేను మీకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఇప్పుడు పని పడింది కనుక రాస్తున్నాను. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

నేను ఇక్కడ ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తున్నాను. డాక్టర్ని కాను, ఫిజిక్స్ చదివినదాన్ని. జబ్బున్న చోట కోబాల్ట్ మిషను కిరణాలు పడాలి. పక్కనున్న మంచి ఒంటి మీద పడకూడదు. ఎంత పడాలి, ఎక్కడ ఆగాలి అని లెక్క కట్టేది నేను. ఆపడానికి మా దగ్గర సీసపు ఇటుకలు ఉన్నాయి. అవి నలుచదరం. మనుషుల కళ్ళు, గొంతులు, వెన్నుపాములు నలుచదరంగా లేవు. ఇటుక చాలని చోట మంచి ఒళ్ళు కాలుతుంది. ఎక్కువైన చోట జబ్బు దాని చాటున మిగిలిపోతుంది.

అందుకని ఏ రోగి కొలతకు ఆ రోగికి ఒక దిమ్మ పోయాలని నా ప్రయత్నం. నా పరిశోధన అదే. ఎక్స్‌రే మీద డాక్టరు గీత గీస్తారు. ఆ గీత ప్రకారం థర్మోకోల్‌లో గుంట కోసి, లోహం పోస్తాను. సీసంలో బిస్మత్, ఇంకా రెండు మూడు కలిపిన లోహం అది. మరిగే నీళ్ళకన్నా తక్కువ వేడికే కరుగుతుంది. పోయడమే నాకు చేతకావడం లేదు. ప్రతి దిమ్మలో బుడగలు. బుడగ ఉన్న చోట కిరణం దూరి వస్తుంది. నాలుగు నెలల్లో పనికొచ్చినవి రెండే.

నాన్న ఫౌండ్రీలో ఇన్‌స్పెక్టరుగా ఎన్ని పోతలు వెనక్కి కొట్టారో నాకు గుర్తుంది. "ఐలన్న పోతలో తప్పు వెతకడం నా ఉద్యోగం, దొరక్కుండా పోయడం వాడి ఉద్యోగం" అనేవారు. ఒకసారి వచ్చి చూడరా?

మీ కనకం


లక్డారం,
20-2-1991

బిడ్డా కనకం,

నీ జాబు అందింది. ఇంత సన్నగా రాస్తే ఎట్లా చదవాలె? నాకు అక్షరాలు నేర్పింది మీ నాయన. డ్రాయింగ్ చదవడానికి నేర్పిండు, నవలలు చదవడానికి కాదు. లావుగా రాయి.

నీళ్ళ వేడికి కరిగే లోహం అని చదివి నవ్విన. ఇరవై రెండేండ్లు ఎర్రగా కాగిన ఇనుము పోసిన. మీ దగ్గర చాయ కాసినట్టు లోహం కాస్తారన్నట్టు. కానీ, లోహం లోహమే. బుడగ ఎందుకు వస్తది? నువ్వు మీది నుంచి దబ్బున కుమ్మరిస్తున్నవు. లోపలి గాలి ఎటు పోవాలె? గుంటను ఒక పక్కకు వంచు. గోడ వెంబడి సన్న ధారగా పోయి. సగం నిండినంక పక్కల పొంటి వేలితో తట్టు, బర్రె వీపు తట్టినట్టు. జల్దీ పడకు. జల్దీ పడ్డోని పోత ఎప్పుడూ బోలే.

మంగళవారం వస్త. గేటు కాడ చీటీ గీటీ అంటే తిరిగి వస్త, ముందే చెప్తున్న.

మీ నాయన సంగతి రాసినవు గనుక ఒక మాట. ఇరవై రెండేండ్ల దోస్తానాలో నా పోత ఒక్కటి కూడా కొలవకుండా సంతకం పెట్టలేదు. ఒకసారి కోపం వచ్చి, "ఏం సూర్యారావు, నా మీద నమ్మకం లేదా?" అన్న. "నమ్మకం ఇంట్లో ఉంది, ఇక్కడ వెర్నియర్ ఉంది" అన్నడు. ఎనిమిది రోజులు మాట్లాడలేదు నేను. ఆయన కొలిచిండు, నేను పోసిన. మాటలు లేకున్నా పని ఆగలేదు.

ఐలన్న


హైదరాబాద్,
9-6-1991

ఐలన్న బాబాయ్,

లావుగానే రాస్తున్నాను, చూసుకోండి.

ఇప్పటికి పదిహేను దిమ్మలు. ఒక్కదాంట్లోనూ బుడగ లేదు. మీరు పోసిన మొదటి దిమ్మ గీత కన్నా ఒక సూత్, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పెద్దదిగా వచ్చిన సంగతి గీతలు గీసే డాక్టర్ చలపతిరావు గారికి చెప్పాను. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కనుక నమూనాను కాస్త పెంచి చేయడం మీ ఫౌండ్రీ వాళ్ళ ఆచారమనీ, ఈ లోహం కుంచించుకోదు కనుక పెంచింది పెంచినట్టే ఉండిపోయిందనీ వివరించాను. "ఉతికితే బిగుతవుతాయని వదులు చొక్కా కుట్టించేవాళ్ళలాగా" అని ఆయన పడి పడి నవ్వారు. మీరు మాత్రం నవ్వలేదు. ఆ దిమ్మ అక్కడికక్కడే కరిగించి మళ్ళీ పోశారు. తర్వాత పద్నాలుగూ గీత మీద కూర్చున్నాయి.

ఆస్పత్రిలో లోహం కాయడానికి గాలి ఆడే గది ఇంకా ఇవ్వలేదు. కొన్నాళ్ళు మీ కొట్టంలోనే పోయక తప్పదు. గీత కాగితాలు పోస్టులో పంపుతాను. లోహం తక్కువగా ఉంది, అందుకని చికిత్స అయిపోయిన దిమ్మలు ఎప్పటికప్పుడు కరిగించి మీకే తిరిగి ఇస్తున్నాను. 

కనకం


లక్డారం,
11-7-1991

బిడ్డా,

పదహారో దిమ్మ గేటు కాడ ఇచ్చి వచ్చిన. నువ్వు మిషను గదిలో ఉన్నవట, పిలవద్దన్న. బస్సులో కండక్టర్ మూట ఎత్తబోయి పరేషాన్ అయిండు.

"ముసలాయనా, గిండ్ల ఏమున్నది? గింత బరువు?"

"ఒకామె గొంతుకు కావలి."

"కావలికి గూడ లగేజి టికెట్ కొట్టాలె మరి."

"కొట్టు. నీ గొంతు గూడ ఎప్పుడన్న నా కాడికే వస్తది, అప్పుడు సూస్కుంట."

టికెట్ కొట్టలేదు. పొద్దాకా గొంతు పట్టి చూసుకుంటనే ఉన్నడు.

జాబు రాసింది ఇందుకు కాదు. మా అక్క రాజవ్వ నీకు ఎరుకే. మోదుగాకుల ఇస్తర్ల కట్ట నెత్తిన పెట్టుకొని మీ క్వార్టర్లకు అమ్మడానికి వచ్చేది. మొగుడు పోయినంక నా ఇంటికి వచ్చింది. నా పెండ్లాం పోయినంక ఇల్లు ఆమెదే, నేనే ఆమె దగ్గర ఉంటున్న. ఆమెకు రెండు నెలల సంది కుడి చెంప వాచింది. పన్ను నొప్పి అనుకొని సంగారెడ్డిలో పన్ను పీకించిన. పీకిన చోట మానలేదు. ఇప్పుడు ముక్కులో నుంచి నెత్తురు. కుడి కన్ను కింద బరువుగా ఉన్నదంటది.

ఎడమ కన్ను ఆమెకు లేదు. చిన్నప్పుడే పోయింది. ఉన్నది ఆ కుడి కన్ను ఒక్కటే.

ఎప్పుడు తీసుకరావాలె? ఒక్క ముక్క రాయి.

ఐలన్న


హైదరాబాద్,
8-8-1991

బాబాయ్,

నిన్న డాక్టరు గారు చెబుతున్నప్పుడు మీరు గోడవైపు తిరిగి నిలబడ్డారు. అందుకని మళ్ళీ రాస్తున్నాను.

చెంప ఎముక వెనక ఒక బోలు ఉంటుంది. రాజవ్వ అత్తయ్య జబ్బు అందులో పుట్టింది. ఆ బోలుకు పైకప్పు ఏదో, కంటికి నేల అదే. జబ్బు ఆ కప్పు దాకా వచ్చింది. కంట్లోకి ఇంకా పోలేదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు కిరణాలు పెట్టాలి. బాగయ్యే ఆశ ఉంది, మంచి ఆశే.

కంటికి దిమ్మ అడ్డం పెడతాం. దాని కింది అంచు ఎక్కడ ఆగుతుందన్నదే అసలు సంగతి. కిందికి దిగితే జబ్బు పై కొస దిమ్మ నీడలో దాక్కుంటుంది. పైకి జరిగితే కన్ను కాలుతుంది. డాక్టరు గారు గీసిన గీత కంటి కింది అంచును కొంచెం కోసుకుంటూ పోతుంది. అంటే కంటికి కొంత తగులుతుంది. కొన్నాళ్ళకు చూపు మసకబారవచ్చు, పోనూ వచ్చు. పోదని నేను మాట ఇవ్వలేను. గీత ఇంతకన్నా దించడం కుదరదు.

ఈ ఒక్క దిమ్మ నేనే పోసుకుంటాను. మీరు ఊరుకోండి.

కనకం


లక్డారం,
12-8-1991

కనకం,

నువ్వు పోస్తే బుడగ వస్తది. మా అక్క ముఖానికి పెట్టేది ఇంకొకరు పోస్తుంటే నేను చేతులు కట్టుకొని కూర్చోవాల్నా? నేనే పోస్త. గీత కాగితం పంపు.

అక్కను అడిగిన. ఇట్లన్నది: "కన్ను పోయి బతుకుడు కన్న కన్నుండి సచ్చుడే మేలు. కనకానికి గట్లనే రాయి." రాస్తున్న. మీ డాక్టరుకు చూపించు. గీత జెర కిందికి గీయుమను.

ఐలన్న


హైదరాబాద్,
16-8-1991

బాబాయ్,

చూపించాను. ఆయన "గీత దించి పెట్టేది వైద్యం కాదు, వైద్యం చేసినట్టు నటించడం" అన్నారు.

అత్తయ్యనే ఒకసారి అడుగుదామని నిన్న వార్డుకు వెళ్ళాను. మీరు పక్కనే కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె మీ వైపు చెయ్యి చూపించి, "వాని కన్న నాకెక్కువ ఎరుకనా బిడ్డా? వాడేమంటే గదే" అంది. నేను ఇంకేమీ అడగలేదు.

గీత కాగితం ఇందులో పెట్టాను. దీని ప్రకారమే పోయండి. ఇంకో మాట లేదు.

కనకం


లక్డారం,
21-8-1991

కనకం,

దిమ్మ గేటు కాడ ఇచ్చిన. గీత ఎట్లున్నదో అట్ల పోసిన. బుడగ లేదు.

ఐలన్న


హైదరాబాద్,
4-10-1991

బాబాయ్,

ఆరు వారాలూ నిన్నటితో పూర్తయ్యాయి. చెంప వాపు దిగింది. కన్ను ఎర్రబడను కూడా లేదు. ఇంత తేటగా ఉంటుందని నేను అనుకోలేదు. డాక్టరు గారు దూరంగా నిలబడి వేళ్ళు చూపించి, "ఎన్నమ్మా?" అన్నారు.

"నాలుగు. గోర్లు తీస్కో సారూ, మన్ను పట్టింది."

వార్డంతా నవ్వింది. ఆయన నిజంగానే చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

మన దిమ్మల మీద నేను రాసిన వ్యాసం మద్రాసులో సదస్సుకు తీసుకున్నారు. అందులో "లక్డారానికి చెందిన ఒక మౌల్డరు" అని మీ గురించి ఒక వాక్యం ఉంది. అత్తయ్య దిమ్మ కరిగించబుద్ధి కాలేదు. నా టేబుల్ మీద కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాను.

కనకం


లక్డారం,
20-1-1992

బిడ్డా,

అక్క మంచిగనే ఉండె. మూడు నెలలు మళ్ళా ఇస్తర్లు కుట్టింది. కాజీపల్లి మందుల కంపెనీల మెస్సుకు ఇచ్చింది. అక్కడి బీహార్ పోరగాండ్లు ఆమెను దాదీ అంటరు. ఆమె వాండ్లను తెలుగులో తిడతది, వాండ్లు హిందీలో నవ్వుతరు. వాగు మీది నుంచి మందుల కంపు వచ్చిన రోజు ముక్కు మూసుకొని, "నా ముక్కు బాగయింది రా, కంపు తెలుస్తున్నది" అన్నది.

ఇప్పుడు కన్ను కింద గడ్డ తేలింది. కంటి గుంత అంచు మీద, చింతగింజంత. ఇరవై రోజుల సంది చూస్తున్న. రాయలేదు. నిన్నటికి రేగుపండంత అయింది. కన్ను మీదికి నూకుతున్నది.

బుధవారం తీసుకొస్తున్న.

ఐలన్న


హైదరాబాద్,
10-2-1992

బాబాయ్,

ముక్క పరీక్ష వచ్చింది. అదే జబ్బు. మిగతా బోలు అంతా శుభ్రంగా ఉంది. పై అంచున, సన్నని చీలికలాగా ఒక్కచోట మిగిలి, అక్కడి నుంచి పెరిగింది.

ఆ చోటు చూశాక నా టేబుల్ మీది దిమ్మ తీసి కొలిచాను. మూడుసార్లు కొలిచాను. కింది అంచు గీత కన్నా ఒక సూత్ దిగి ఉంది. మిషను దగ్గర పెట్టే దిమ్మ నీడ మనిషి దాకా వచ్చేసరికి పెద్దదవుతుంది, దీపం ముందు చెయ్యి పెట్టినట్టు. మీ దగ్గర ఒక సూత్ అయితే ఆమె ముఖం మీద ఒకటిన్నర దాటుతుంది. ఆ మేరకు ఆరు వారాలూ కిరణం పడలేదు. జబ్బు సరిగ్గా అక్కడే మిగిలింది.

నా సంగతి కూడా చెప్పాలి. దిమ్మ వచ్చాక మిషను కింద ఫిల్ము తీసి, గీతతో పోల్చి చూడాలి. ఆ వారం ఫిల్ములు అయిపోయాయి. రెండు రోజులు ఆగితే వచ్చేవి. ఐలన్న బాబాయ్ పోసింది, అందులోనూ సొంత అక్కకు పోసింది, కొలిచేదేముంది అనుకున్నాను. "సరిచూశాను" అని సంతకం పెట్టాను. నాన్న కూతుర్ని.

ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను. ఇది ఫౌండ్రీ అలవాటులో చెయ్యి చేసిన పొరపాటా? అయితే మీరు పోసిన ముప్పై నాలుగింట్లో ఇంకా ఎన్నింటికి జరిగింది? నేను అన్నీ ఫిల్ము తీసి చూడలేదు. అన్నీ కరిగిపోయాయి. ఇప్పుడు కొలుద్దామన్నా మీ మాట తప్ప ఇంకేమీ లేదు.

కనకం


లక్డారం,
14-2-1992

కనకం,

ముసలోన్ని. ఇనుము పోసిన చెయ్యి. అలవాటు మీద పెంచి కోసి ఉంట. యాది లేదు. మిగతా వాటి సంగతి కూడా యాది లేదు.

ఐలన్న


హైదరాబాద్,
2-3-1992

బాబాయ్,

మీ నాలుగు ముక్కల ఉత్తరం డాక్టరు గారికి చూపించక తప్పలేదు. దిమ్మల పని ఆపేశారు. ఈ మధ్యే ఇచ్చిన పోత గదికి తాళం పడింది. మద్రాసుకు పంపిన వ్యాసం నేనే వెనక్కి తెప్పించుకున్నాను. మీ దిమ్మలతో చికిత్స అయిన వాళ్ళందరికీ కార్డులు రాస్తున్నాను, మళ్ళీ వచ్చి చూపించుకోమని. కార్డు అందుకుని ఒకాయన నిన్న వచ్చాడు. బాగానే ఉన్నాడు. "మళ్ళ వచ్చిందా మేడం?" అని నాలుగుసార్లు అడిగాడు.

కొండాపూర్ నుంచి దేవమ్మ అని ఒకామె ఉంది, మెడలో గడ్డ. వెన్నుపాముకు దిమ్మ కావాలి. గీత కూడా గీసి ఉంది. తాళం పడింది కనుక పాత సీసపు ఇటుకలే పెడుతున్నాం. ఇటుక ఆమె మెడకు సరిపోవడం లేదు. వెన్నుపాముకు తగులుతుందని భయపడి డాక్టరు గారు సగం మోతాదుతో ఆపేయాలా అని ఆలోచిస్తున్నారు. సగం మోతాదు అంటే ఏమిటో మీకు ఇప్పుడు తెలుసు.

మొదటి దిమ్మ కరిగించి మళ్ళీ పోసిన మనిషి, పద్దెనిమిదో దానికి అలవాటు తప్పుతాడా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కాని నమ్మకం మీద ఇంకోసారి సంతకం పెట్టను.

కనకం


లక్డారం,
7-3-1992

కనకం,

అలవాటు కాదు. నా చెయ్యి తప్పలేదు. నా చెయ్యి తప్పదు.

మిగతా దిమ్మలు గీత మీదనే ఉన్నయి. దేని మీదనైనా ప్రమాణం చేస్త. ఆ ఒక్కటి నేను తెలిసి చేసిన. మిషను ఉండే చోట అన్నట్టు పైన మేకు కొట్టి, కిరణం లెక్క దానికి దారం కట్టి, కింద గీత మీద దారం నడుపుకుంట వేడి తీగతో థర్మోకోల్ కోసుడు నువ్వు నేర్పిన పనే. కంటి కింది అంచు కాడికి వచ్చినంక దారం ఆపిన. తీగను ఒక సూత్ కిందికి జరిపిన. కన్నుకు ఇంకొంచెం కావలి అనుకున్న. నీడ పెద్దదవుతదని కూడా ఎరుకే. దారం పట్టినోన్ని, నాకు ఎరుక కాదా?

ఇంకోటి ఉన్నది. కన్నుండి సచ్చుడే మేలు అని అక్క అనలేదు. అది నా మాట. ఆమె నోట పెట్టి రాసిన. ఆమెను నేను అసలు అడగనే లేదు. అడిగితే ఏమంటదో అని అడగలేదు. వార్డులో నువ్వు అడగ వస్తివి, వాడేమంటే గదే అన్నది. ఆ మాటతో నా నోరు మూసుకపోయింది. అప్పుడు చెప్పాల్సింది.

ఎందుకు చేసినవంటవు. నాకు ఏడేండ్లు, ఆమెకు పది. గిల్లిదండ ఆటలో గిల్లి కొట్టింది నేను. అది లేచి ఆమె ఎడమ కంట్లో పడ్డది. ఇంటికి పోయినంక ఆమె మా అయ్యతో "ఎద్దు కొమ్ము తగిలింది" అన్నది. అయ్య ఆ ఎద్దును అమ్మిండు. మంచి ఎద్దు. ఇప్పటిదాకా మా ఇంట్లో ఆ తప్పు ఎద్దుదే. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండు.

ఉన్న ఒక్క కన్ను మీద పెట్టే దిమ్మ కూడా నా చేతికే వచ్చింది. గీత ప్రకారం పోస్తే, రేపు చూపు పోతే, రెండోది కూడా నేను తీసినట్టే గద. ఇట్ల అనుకున్న. నా పాపం చూసుకున్న గాని ఆమె పానం చూడలేదు.

ఇగ నీ సంగతి. తప్పు నాది. నీ సంతకం నీది, అది నేను మోయ. మీ నాయన ఉంటే దిమ్మ కొలిచేటోడు, పట్టుకునేటోడు, తెచ్చి నా ముఖాన కొట్టేటోడు. అక్క బాగుపడేది. నన్ను నమ్మినందుకు నాకు నీ మీద కోపం వస్తున్నది. ఇంత సిగ్గులేని కోపం ఎన్నడూ రాలేదు.

దేవమ్మ దిమ్మ ఆపకండి. ఆమె నాకేం కాదు. ఈ జాబు డాక్టరుకు చూపించు.

ఐలన్న


హైదరాబాద్,
15-3-1992

ఐలయ్య గారికి,

మీ ఉత్తరం డాక్టరు గారు చదివారు. వెనక్కి వచ్చి చూపించుకున్న పద్నాలుగు మందిలో ఎవరికీ గీత అంచున జబ్బు కనిపించలేదు. గది తాళం తీశారు. దేవమ్మకు దిమ్మ పెట్టాం.

ఇకపై ప్రతి దిమ్మా ఫిల్ము తీసి కొలిచాకే రోగి దగ్గరికి వెళ్తుంది. ఇద్దరు సంతకం పెట్టాలి. ఫిల్ము లేని రోజు చికిత్స లేదు. గీత కాగితాలు లక్డారం పంపడం మానేస్తున్నాను. గుంట నేనే కోస్తున్నాను, నేనే పోస్తున్నాను. మీరు నేర్పినట్టే పోస్తే బుడగలు రావడం లేదు.

వ్యాసం మళ్ళీ రాశాను. కొలవకుండా సంతకం పెట్టిన సంగతి నా పేరుతోనే రాశాను. మీ వాక్యం తీసేశాను.

రాజవ్వ గారికి అదే చోట రెండోసారి కిరణాలు పెట్టలేం. చెంప ఎముకతో పాటు కన్ను తీసేయాలి. తీస్తే బతికే అవకాశం సగానికి కాస్త తక్కువ. తీయకపోతే లేదు. ఈ నెల 28న ఆపరేషన్ అనుకున్నారు. వేలిముద్ర తీసుకునే ముందు డాక్టరు గారు ఆమెతో ఒంటరిగా మాట్లాడతారు. మీరు గదిలో ఉండకూడదు. ఆలోపు ఆమెకు జరిగింది జరిగినట్టు మీరు చెప్పండి. మీరే చెప్పాలి. నేను చెప్పను.

కనకమహాలక్ష్మి


లక్డారం,
6-5-1992

కనకానికి,

ఇది మా అక్క రాజవ్వ చెప్తున్నది. నేను రాస్తున్న. ఎట్ల చెప్తే అట్ల రాయమన్నది.

బిడ్డా, నేను మంచిగనే ఉన్న. కట్టు విప్పిండ్రు. గుంతల ఈగలు వాలకుండ పాత చీర ముక్క కట్టుకుంటున్న. పొద్దు పొడిసిందో లేదో కోడి చెప్తది, అన్నం ఉడికిందో లేదో ముక్కు చెప్తది. ఇస్తర్లు కుట్టుడు చేతులకు యాదికున్నది. పుల్ల వేలికి గుచ్చుకుంటది, గంతే. మునుపు పూటకు నూరు కుట్టేదాన్ని. ఇప్పుడు ఇరవై. కాజీపల్లి పోరగాండ్లు వచ్చి తీస్కపోతున్నరు. ఒగ పోరడు నిన్న నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. తిట్టి తోలిన.

డాక్టరు సారు అందర్ని బయటికి పంపి, "అమ్మా, కన్ను తియ్యాలె, నీ ఇష్టం ఏంది?" అన్నడు. నా ఇష్టం ఏందని నన్ను ఎవ్వరు అడగలే ఇంతదాక. పెండ్లికి అడగలే. మొగుడు సచ్చినంక ఏ ఇంటికి పోతవని అడగలే. అడిగేసరికి నాకు నవ్వొచ్చింది. తియ్యి సారూ అన్న. వేలు ముద్ర పెట్టిన.

వీడు దానికి ముందు రోజు మంచం కాడ కూసోని అంత చెప్పిండు. తల ఎత్తకుంట చెప్పిండు. గిల్లి ముచ్చట నాకెరుకనే గద, అది ఎందుకు చెప్పిండో. దిమ్మ ముచ్చట ఇన్న. నా నోట మాట పెట్టింది గూడ ఇన్న. నీల్లియ్యిరా అన్న. తెచ్చిచ్చిండు. తాగి పండుకున్న.

నీకు వీని మీద కోపమట. ఉండనీ. నువ్వు కొలువకుంట సంతకం చేసినవట, నాకు నీ మీద గూడ జెర ఉన్నది. అది గూడ ఉండనీ. రేపు ఇంకొకలది వస్తే కొలువు. వాండ్లను అడుగు. పక్కన అన్నదమ్ములుంటే బయటికి పంపి అడుగు.

వీడు నన్ను దినాం సతాయిస్తుండు. అన్నం కలిపిచ్చుకుంట అడుగుతడు, నీల్లు తోడుకుంట అడుగుతడు, బయటికి పట్టుకపోయేటప్పుడు అడుగుతడు. "అక్కా, అప్పుడే నేను నిన్ను అడిగి ఉంటే ఏమందువు? కన్నందువా, పానమందువా?" అని. ఏదో ఒకటి చెప్పితే వానికి నిద్ర పడుతది. నేను చెప్పలే. చెప్ప. సచ్చేదాక చెప్ప.

గది గూడ రాయిరా. ఊకున్నవేంది? పెన్ను సప్పుడు ఇనొస్తలేదు నాకు.

రాసినవా?

రాస్తే మడువు.